దరఖాస్తు రాసింది నేనే

"పాత విద్యార్థుల పేజీలు ఖాళీగా ఉన్నాయి సార్, ఏదైనా రాసియ్యండి" అని సంఘం కుర్రాళ్లు వచ్చి అడిగారు. హాస్టలు పప్పు, లైబ్రరీ మెట్లు, ఎన్నికల నాటి గొడవలు రాద్దామని కూర్చున్నాను. కానీ అవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పైగా నా డిగ్రీ రోజుల్లో నేను ఎక్కువగా రాసింది నోట్సులు కాదు, దరఖాస్తులు. వాటి సంగతే రాస్తాను. సావనీరులో ఇలాంటివి బాగుండవనుకుంటే మిత్రులు పేజీ తిప్పేయవచ్చు.

మా మేనమామది ఎడపల్లి దాటాక, బోధన్ వెళ్లే దారిలో ఒక పల్లె. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చెరుకు తోటలు. చిన్నప్పుడు సెలవులకు పోతే శక్కర్‌నగర్ నుంచి గాలి మళ్లినప్పుడల్లా మొలాసిస్ వాసన వచ్చేది. మాకు అది కంపు, మామకు అది జీతం వాసన. 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఆయన సీజన్ కార్మికుడు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఆ తర్వాత సీజను సీజనుకు ఆయన పనిదినాలు తగ్గుతూ వచ్చాయి. చివరికి 2013లో నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, హౌస్ డ్రైవర్ వీసా అని నమ్మి, నిజామాబాద్ స్టేషన్లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బొంబాయి మీదుగా సౌదీ పోయాడు.

అక్కడ స్టీరింగు ఇవ్వలేదు, గొర్రెల్ని ఇచ్చారు. ఎడారిలో ఒక్క డేరా, రెండు వందల గొర్రెలు, వారానికోసారి నీళ్ల ట్యాంకరు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర. మొదటి ఆరు నెలల తర్వాత జీతం లేదు. పంపమంటే పంపడు. ప్రతి శుక్రవారం ఫోను మాత్రం వచ్చేది. మాకు అదే పండుగ.

ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. 2015 జూన్‌లో అత్త వచ్చి, "అల్లుడా, నువ్వు మంచిగ రాస్తవంట గద, సర్కారుకు ఒక కాయితం రాయి" అంది. రాశాను. డిగ్రీ రెండో సంవత్సరం పొగరు కదా, తెలుగు లెక్చరరు మెచ్చుకున్న నా శైలినంతా అందులో గుమ్మరించాను. "బందీ" అన్నాను, "బానిస సంకెళ్లు" అన్నాను. కఫీల్ పేరు, ఫోను నంబరు కూడా స్పష్టంగా రాశాను.

సోమవారం ప్రజావాణి. ప్రగతి భవన్‌లో వరుసలో నిలబడ్డాం. మా ముందు పింఛను రాని ముసలమ్మ, మా వెనుక పట్టాలో పేరు తప్పుపడ్డ రైతు. అత్త ఆ కాగితాన్ని పాలిథీన్ కవరులో పెట్టి, కవరును కొంగులో చుట్టి పట్టుకుంది. మా వంతు వచ్చినప్పుడు అధికారి మంచిగానే అడిగాడు: "ఏ దేశం అమ్మా? పాస్‌పోర్టు నంబరు ఉందా?" అత్త కవరు ఆయన చేతికిచ్చి, "సారూ, నా మనిషి పేరు గట్టిగ ఒక్కపారి సదువున్రి" అంది. ఆయన చదివాడు. రసీదు ఇచ్చారు. బయటికి వచ్చాక ఎందుకట్ల అడిగావంటే, "పేరన్న ఆ గదిల ఇనవడాలె గద" అంది.

ఆ రోజే ఇంటర్నెట్ షాపులో కూర్చుని, విదేశాంగ శాఖ ఆ ఏడాదే మొదలుపెట్టిన 'మదద్' పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో! నేను ఆగలేదు. తెలిసిన విలేఖరికి దరఖాస్తు నకలు ఇచ్చాను. జిల్లా పేజీలో అత్త ఫోటోతో వార్త వచ్చింది. అమ్మమ్మ దాన్ని దేవుని గూట్లో పెట్టింది.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆపై శుక్రవారమూ రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లిబియా వార్త వచ్చింది. 2015 జూలై 29న సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయ అధ్యాపకుల్ని, ఇంటికి బయలుదేరిన దారిలో సాయుధులు పట్టుకుపోయారు. రెండు రోజులకు కర్ణాటక వాళ్లిద్దరినీ వదిలారు. మన తెలుగువాళ్లిద్దరూ అక్కడే ఉండిపోయారు, ఒకరు ఆంధ్ర, ఒకరు తెలంగాణ. అత్తకు చదువు రాదు కానీ ఆ ఫోటోలు చూసి పేపరు మొత్తం నాతో చదివించుకుంది. రెండు ఫోటోలూ కత్తిరించి దరఖాస్తుల కవరులో పెట్టుకుంది.

"ఆ సార్ల ఇంటోళ్లు హైదరాబాద్ల ఉన్నరంట. పోదమా? ఏ తలుపు కొడితే తెరుస్తరో ఆళ్లకు ఎరుకైతది" అంది ఓ రోజు.

నేను పోనివ్వలేదు. తుపాకులు పట్టినవాళ్ల చేతిలో ఉన్నవాళ్లదీ మనదీ ఒకటెట్లా అవుతుందన్నాను. అది నిజమే, ఇప్పటికీ ఒకటి కాదనే అంటాను. మామ మెడ మీద కత్తి లేదు. కానీ ఆ మాట అనడానికి నాకున్న అసలు కారణం వేరు. ఆ ఇళ్లలో కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తెలియదు. స్కూల్లో ఉండగా 2006లో టీవీలో చూసింది నా కళ్లలో ఉంది. ఆఫ్ఘనిస్తాన్‌లో పనికి వెళ్లిన హైదరాబాదు ఇంజనీరు సూర్యనారాయణను ఏప్రిల్ 28న తాలిబన్లు పట్టుకున్నారు. భారతీయులంతా ఆ దేశం విడిచి పోవాలని గడువు పెట్టారు. ఇంటివాళ్లు కెమెరాల ముందు చేతులు జోడించారు. 30వ తేదీన శవం దొరికింది. రెండు రోజుల్లో ఒక కుటుంబం ఎవరి కాళ్లు పట్టుకోగలదు చెప్పండి!

లిబియా బందీల ఇళ్లకు మాత్రం కాలం వేరే రకంగా పరీక్ష పెట్టింది. నెలల తరబడి వాళ్లు నాయకుల్ని, మంత్రుల్ని కలుస్తూనే ఉన్నారు. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పేరు మా అత్తకు కూడా నోటికొచ్చింది.

ఇలాంటప్పుడు ఇంటివాళ్లు గొంతెత్తాలా, ఊరుకోవాలా? నా వార్త వచ్చిన దగ్గర్నుంచి నన్ను తిన్నది ఈ ప్రశ్నే. పుస్తకాల్లో వెతికాను. 1979లో టెహరాన్‌లో పట్టుబడ్డ అమెరికన్లలో 52 మంది 444 రోజులున్నారు, వాళ్ల కోసం ఆ దేశమంతా చెట్లకు పసుపు రిబ్బన్లు కట్టారు. బీరూట్‌లో 1985 మార్చిలో పట్టుబడ్డ విలేఖరి టెర్రీ ఆండర్సన్‌కు పెగ్గీ సే అని ఒక అక్క ఉండేది. నిశ్శబ్దంగా పని కానివ్వమ్మా అని పెద్దలు చెబితే ఆవిడ వినలేదు. దేశాలు తిరిగింది, దొరికిన ప్రతి మైకు ముందూ తమ్ముడి పేరు చెప్పింది. ఆయన 1991 డిసెంబరులో బయటికి వచ్చాడు. ఆవిడ గొంతు వల్లే వచ్చాడా, దానివల్లే ఆలస్యమైందా అని చివరిదాకా వాదించినవాళ్లున్నారు. నాకు ధైర్యమేమీ దొరకలేదు, తోడు మాత్రం దొరికింది.

అటు 2014 జూన్‌లో మోసుల్‌లో పట్టుబడ్డ 39 మంది ఉన్నారు. ఎక్కువమంది పంజాబు కూలీలు. వాళ్ల ఇంటివాళ్లు ఢిల్లీకి తిరిగి తిరిగి, బతికే ఉన్నారన్న మాట పట్టుకుని ఇళ్లకు వెళ్లేవారు. 2018 మార్చి 20న రాజ్యసభలో మంత్రి వాళ్లంతా చనిపోయారని చెబితే, ఆ సంగతి టీవీలో చూసే తెలిసిందని చాలా ఇళ్లవాళ్లు ఏడ్చారు. గొంతెత్తినా ఎత్తకపోయినా కనీసం ఆ కబురు ముందు ఇంటికి రావాల్సింది. ఇది నా అభిప్రాయం.

మా ఇంటికి వస్తే, ఆ డిసెంబరులో ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మామ తిరిగొస్తే పని ఎక్కడ అన్న మాట ఎవరూ ఎత్తలేదు. 2016 ఫిబ్రవరిలో ఎవరిదో ఫోను నుంచి మామ గొంతు వినిపించింది. ఏడు నెలల తర్వాత! కఫీల్ దగ్గర్నుంచి పారిపోయాడట. అంటే ఖల్లివల్లి. దొరికితే జైలు, దొరక్కపోతే దొంగకూలీ. "పేపర్ల గిట్ల ఏం వెయ్యకున్రి" అని మాత్రం అన్నాడు. నాకు అప్పుడే సగం అర్థమైంది.

2016 సెప్టెంబరులో లిబియా నుంచి ఆ ఇద్దరు అధ్యాపకులూ బయటపడ్డారని వార్త. పదమూడున్నర నెలలు! అత్త ఎవరికీ చెప్పకుండా కిరాణా కొట్టుకు పోయి కిలో చక్కెర తెచ్చి, వాడంతా తిరిగి తలా ఇంత నోట్లో పోసింది. "మీ ఆయన వచ్చిండా?" అని అడిగారు. "లే, గా సార్లు వచ్చిన్రు" అంది. చెరుకు గడ్డ మీద కొన్న ఆ చక్కెర మహారాష్ట్రదని సంచి మీద రాసి ఉంది.

మామ 2017లో వచ్చాడు. మార్చి 29 నుంచి తొంభై రోజులు సౌదీ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ తీసుకుని, ఒక చేతిసంచితో బస్సు దిగాడు. జుట్టంతా తెల్లబడింది. నాలుగు రోజుల తర్వాత తీరిగ్గా చెప్పాడు. నేను వేయించిన ఆ పేపరు ముక్కను ఎవరో వాట్సాప్‌లో పంపారు. అది చేతులు మారి మారి కఫీల్ దగ్గరే పనిచేసే ఇంకొకతని ఫోనులో పడింది. కఫీల్ మామ ఫోను లాక్కుని, రోడ్డుకు ఇంకా దూరంగా వేరే మంద దగ్గరికి మార్చాడు. కొట్టాడా అని అడిగితే మామ గొర్రెల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

అత్త ఆ కవరు తెచ్చింది. నా దరఖాస్తు చదవమన్నాడు. సంకెళ్ల దగ్గర నా గొంతు పట్టేసింది. మామ అంతా విని, "మంచిగనే రాసినవ్ అల్లుడా. గాని ఆని నంబరు పేపర్ల ఎందుకు పడాలె?" అన్నాడు.

నేను తల దించుకున్నాను. అత్త ఊరుకోలేదు. "ఏసినందుకే గద మంది ఎరుకైంది! లేకుంటే నువ్వు ఏ గుట్టకాడ సచ్చినా మాకు చెప్పేటోడు ఎవడు?" అని గయ్యిమంది. ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల కొట్లాట వినబడిందని అమ్మమ్మ సంబరపడింది.

మధ్యలో కవరులోంచి రెండు ఫోటోలు జారిపడితే మామ తీసి చూశాడు. "వీళ్లెవరు?"

"మనోళ్లే తియ్" అని అత్త మళ్లీ కవరులో పెట్టేసింది.

ఇప్పటికీ ఎడపల్లి, రెంజల్ వైపు నుంచి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. రాసిస్తాను. కఫీల్ ఫోను నంబరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి, "ఇది ఆఫీసుకేనా, పేపరోళ్లకు కూడా ఇస్తరా?" అని అడుగుతాను. ఒకామె పోయిన నెల నన్నే అడిగింది, "ఏది మంచిదో నువ్వే చెప్పు సారూ" అని. రెండు నకళ్లు రాసిచ్చాను. ఒకదాంట్లో నంబరుంది, ఒకదాంట్లో లేదు.