గోడకు చెమ్మ, పిల్లలకు దగ్గు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వర్షాకాలం జూన్‌లో మొదలై నవంబరు దాకా సాగుతుంది. మేము నివసించే బందరులో ఆ నెలల్లో డబ్బాలోని ఉప్పు నీరవుతుంది, బీరువాలోని బట్టలు ముక్కవాసన వేస్తాయి. ఇంట్లో వీటిని వెంటనే గమనిస్తాము. పిల్లలు రోజుకు ఆరేడు గంటలు గడిపే తరగతి గది గోడలను మాత్రం ఎవరమూ పరికించము.

మా వీధి పిల్లలు చదివే బడిలో ఒక గది గోడ నిండా నల్లని మచ్చలు ఏర్పడ్డాయి. ఆ గదిలో కూర్చునే పిల్లల్లో కొందరికి దగ్గు విడవడం లేదు. ఉబ్బసం ఉన్న ఒక పాప సెలవు రోజుల్లో బాగానే ఉండి, బడి రోజుల్లో ఆయాసపడేది. బడి ఎగ్గొట్టడానికి సాకులు చెబుతోందన్న మాట కూడా ఆ బిడ్డ పడవలసి వచ్చింది. తల్లిదండ్రులం నలుగురం కలసి ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్లాము. "నిరుడే రంగు వేయించాము కదా!" అని వారు ఆశ్చర్యపోయారు.

చిక్కంతా అక్కడే ఉంది. బూజు మరక కాదు, అది శిలీంధ్రం. నీరు అందినంత కాలం రంగును చీల్చుకొని మళ్లీ పైకి వస్తుంది. వారి అనుమతితో మేడ ఎక్కి చూశాము. పిట్టగోడ మూలన నీరు పోయే తూములో ఆకులు కూరుకుపోయి, రావి మొక్క మొలిచి ఉంది. నిలిచిన వాననీరు గోడలోకి ఇంకుతోంది. తూము శుభ్రపరచి, పగులు పూడ్పించి, గోడ ఆరిన తరువాతనే బూజును సబ్బునీటితో రుద్దించాము. ఆ పని చేసినవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకున్నారు. పిల్లలను ఆ గదిలోకి రానీయలేదు. బూజు పట్టిన అట్టలను, పటాలను పారవేయించాము. గాలి ఆడనివ్వని ప్లాస్టిక్ రంగుకు బదులు సున్నం వేయించాము.

గదిలో గాలి తేమ 60 శాతం దాటకుంటే మేలని నిపుణులు చెబుతారు. మన తీరంలో వానాకాలమంతా బయటి గాలే తరచు ఆ హద్దు దాటి ఉంటుంది. తేమను పీల్చే యంత్రాలు కొనే స్తోమత సామాన్యమైన బడికి ఉండదు. కనుక ఏ వస్తువునూ తడిగా నిలవనీయకపోవడమే మన చేతిలో ఉన్న మార్గం. తడిసినదేదైనా ఒకటి రెండు రోజుల్లో ఆరిపోవాలి. గొడుగులు వరండాలోనే ఉండాలి. బీరువాకు, గోడకు మధ్య జానెడు ఎడం ఉండాలి. వాన వెలిసిన వెంటనే ఎదురెదురు కిటికీలు తెరవాలి. పిల్లల ఊపిరి వల్ల పేరుకున్న తేమ అలా బయటికి పోతుంది.

ఆ పాప ఉబ్బసం నయమైందని మేము చెప్పబోము. ఆ వ్యాధికి కారణాలు అనేకం. బడికి మాత్రం ఇప్పుడు క్రమంగా వెళుతోంది. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల పట్టికతో పాటు తరగతి గోడలను కూడా చూడండి. వీలైతే తొలకరికి ముందే బడి వారితో కలసి ఒకసారి మేడ ఎక్కి, తూములు పరిశీలించండి.