చెవి వెనక సబ్బు

నాన్న ఊరి నుంచి మా దగ్గరకు వచ్చి ఎనిమిది నెలలైంది. ఉదయం ఆరింటికల్లా స్నానం ముగించి, విభూతి పెట్టుకుని, పేపరు పట్టుకుని బాల్కనీలో కూర్చునే మనిషి. ఈమధ్య ఆ స్నానానికి ముప్పావు గంట పడుతోంది. పెద్దవాళ్లు కదా, నెమ్మదిగా చేస్తారులే అనుకున్నాను. ఓ రోజు కాఫీ ఇస్తూ చూస్తే, చెవి వెనక సబ్బు తెల్లగా ఎండిపోయి ఉంది.

‘‘షవర్లో నీళ్లు సరిగా రావట్లేదా నాన్నా?’’

‘‘వస్తున్నాయిలేమ్మా’’ అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. చెయ్యి చెవి దాకా లేవదు. ఎడమ చేత్తో చెంబు ఎత్తితే వణుకు. అందుకే వచ్చిన వారంలోనే ఆయన బాత్రూంలో షవర్ పెట్టించాం. నీళ్లు పోయమని కూతుర్ని అడగలేడు. అల్లుడితో పోయించుకోవడమంటే ఇక ఆయనకు తల తీసేసినట్టే. ఇన్నాళ్లూ ఆయన పరువు నిలబెట్టింది ఆ షవరే.

ఆయన పాల కోసం వెళ్లినప్పుడు తిప్పి చూశాను. అన్ని రంధ్రాల్లో పదో పన్నెండో పనిచేస్తున్నాయి. అవీ తిన్నగా లేవు. ఒక ధార గోడ మీదకి, ఇంకోటి తలుపు మీదకి. ప్లంబరు ఫోన్లోనే తేల్చేశాడు. ‘‘బోరు నీళ్లు కదా మేడమ్, కొత్తది వేద్దాం. ఆదివారం తర్వాత వస్తా’’ అని. ఏ ఆదివారమో చెప్పలేదు. వారం వారం ఇంటి చిట్కాలు దిద్దే ఉద్యోగం నాది. ఒక్కటైనా చేసి చూద్దామనిపించింది.

ముందు జబ్బెక్కడుందో తెలియాలి. చన్నీళ్లు విడిగా, వేణ్నీళ్లు విడిగా తిప్పాను. వేణ్నీళ్లే సన్నగా వస్తే గీజరు వైపు అనుమానించాలి. ఇక్కడ రెండూ ఒకేలా ఉన్నాయి. కింద బకెట్ కుళాయి జోరుగానే వస్తోంది కాబట్టి ట్యాంకు తప్పూ లేదు. (టెర్రస్ కింద ఫ్లాట్లో ఉండేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. ట్యాంకులో నీళ్లు పది మీటర్ల ఎత్తున ఉంటేగానీ చదరపు సెంటీమీటరుకు కేజీ ఒత్తిడి రాదు. వాళ్లకు ధార నీరసంగా ఉంటే, పాపం షవర్‌ని తిట్టి లాభం లేదు.) పానాకి పాత గుడ్డ చుట్టి, మెరుగు గీసుకుపోకుండా షవర్ హెడ్ విప్పి, ఉత్త గొట్టం తిప్పాను. నీళ్లు దబదబా మీద పడ్డాయి. చుడీదార్ తడిసింది కానీ దొంగ దొరికాడు.

లోపల రబ్బరు వాషరు, దాని వెనక చిన్న జల్లెడ. జల్లెడ నిండా ఇసుక. అది కడిగితే పోయింది. రంధ్రాల్లో తెల్లటి పెచ్చులు మాత్రం గోటికి లొంగలేదు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కాగినప్పుడు నీళ్లలో కరిగున్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కార్బొనేటుగా పేరుకుపోతుంది. స్నానమయ్యాక రంధ్రాల్లో నిలిచిన చుక్కలు ఆరిపోయినా అదే మిగులుతుంది. వాచ్‌మన్ బాత్రూం యాసిడ్ పొయ్యమన్నాడు. అది పోస్తే పెచ్చుతోపాటు పైన క్రోమియం పూతా పోతుంది.

పాలు తెచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ‘‘మీ అమ్మ కాగుకి చింతపండు నానేసి రుద్దేది’’ అన్నాడు. అమ్మ పోయాక ఆయన నోట ఆ మాట వచ్చిన సందర్భాలు తక్కువ. నేను కాసేపు ఏమీ అనలేదు.

సున్నాన్ని కరిగించేది పులుపే. కాకపోతే చింతపండు పీచు రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. పిల్లల నూడుల్స్ కోసం కొన్న వెనిగర్ ఉంది. అంతే గోరువెచ్చటి నీళ్లు కలిపి, గిన్నెలో షవర్ హెడ్ ముంచాను. సన్నటి బుడగలు లేచాయి. గంట తర్వాత తీస్తే, ఒళ్లో తువ్వాలు పరుచుకుని నాన్నే తీసుకున్నాడు. ఎడమ చేత్తో పిన్నీసు పట్టి ఒక్కో రంధ్రం పొడిచాడు. చెంబు పట్టుకుంటే వణికే చెయ్యి, అప్పుడు వణకలేదు.

‘‘ముందే చెప్పొచ్చుగా నాన్నా?’’

‘‘చెబితే మళ్లీ ఖర్చంటారు.’’

బిగించేటప్పుడు నేను తెల్ల టేపు చుట్టాను. షవర్ తిప్పుతుంటే టేపు ఊడి వేళ్లకు చుట్టుకుంది. మరల దగ్గర ధారగా కారింది. ‘‘బిగించేవైపే చుట్టాలమ్మా, ఎదురు చుడితే విప్పుకుపోతుంది’’ అన్నాడు. పాతికేళ్లు పొలంలో మోటారు పైపులు బిగించిన మనిషి ఇంట్లోనే ఉండగా నేను ప్లంబరుకు ఫోన్ చేశాను! విప్పి, అటువైపే అయిదారు చుట్లు చుట్టాను. చుక్క కారలేదు.

మర్నాడు ఆరూ పదికి నాన్న పేపరు అడిగాడు. కాఫీ ఇచ్చే నెపంతో చెవి వెనక చూశాను. వంటింట్లోకి వచ్చాక క్యాలెండరు కనిపించింది. గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కన, ఎడమ చేత్తో రాసిన వంకర అక్షరాలు: ‘షవర్’. రెండు నెలల తర్వాత పేజీలోనూ అదే రాసి ఉంది. దానికి పిన్నీసు గుచ్చి పెట్టాడు.