నాన్న కోసం ఒక రీలు

మా నాన్నకి గాలం అంటే ముల్లు, దారం, బెండు. అంతే. యానాంలో గౌతమి గట్టు మీద చిన్నప్పటి నుంచీ దారాన్ని వేలికి చుట్టుకునే చేపలు పట్టిన మనిషి. ఒక పండుగప్ప లాగితే తెగిన గీత ఆయన చూపుడువేలి మీద ఇప్పటికీ ఉంది. అలాంటాయనకి రీలు కొనాల్సిన పని ఎందుకొచ్చిందంటే, అమ్మ పోయాక ఆర్నెల్లు మా దగ్గర ఉందామని ఇక్కడికి, క్లీవ్‌లాండ్‌కి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ పక్కన కూచోడమే. తింటారా అంటే తింటాను, పడుకుంటారా అంటే పడుకుంటాను. ఈ మౌనం ఎలా ఉంటుందో మన కుటుంబాల్లో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో రాకీ రివర్ ఉంది. శీతాకాలం మొదలవుతుంటే ఈరీ సరస్సులోంచి స్టీల్‌హెడ్ అనే చేప ఆ ఏట్లోకి ఎదురెక్కుతుంది. నిజానికి ఇది రెయిన్‌బో ట్రౌటే. ఏట్లోనే ఉండిపోతే రెయిన్‌బో, పెద్ద నీళ్ళలోకి పోయి పెరిగి తిరిగొస్తే స్టీల్‌హెడ్. సొంతూరు పసిఫిక్ తీరం. ఒహాయో ప్రభుత్వం ఏటా వసంతంలో పిల్లచేపల్ని ఏళ్ళలో వదులుతుంది, అవి సరస్సుకి పోయి రెండు మూడేళ్ళకి బలిసి వస్తాయి. రెండు కిలోల చేప మామూలే. ఇది చెబుతుంటే నాన్న కిటికీ వైపు నుంచి తిరిగారు.

"సముద్రంలో ఇలస, గోదాట్లోకొస్తే పులస. ఇదీ అంతేనన్నమాట. కానీ పులస వలకే గానీ గాలానికి పడదు కదరా. ఇదెలా పడుద్ది?"

రెండు వారాల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. (ఒడిశా వైపు ఉన్నవాళ్ళకి ఇలిశి అంటే వెంటనే తెలుస్తుంది.)

పడేది బెండుతోనే. బెండు కింద సీసం గుళ్ళు, వాటి కింద సన్నటి దారం, ముల్లుకి చేపగుడ్ల చిన్న మూట. నీళ్ళు ఏ వేగంతో పోతున్నాయో ఎర కూడా అదే వేగంతో నేలకి కాస్త పైన పోవాలి. కాబట్టి దారం అడ్డు లేకుండా వదలాలి, చేప ముట్టగానే అందుకోవాలి. ఈ పనికి ఇక్కడి పాతకాపులు వాడేది సెంటర్‌పిన్. ఇరుసు మీద గిర్రున తిరిగే చక్రం, అంతే. ప్రవాహం లాగుడికే తిరిగి దారం వదులుతుంది. చూడ్డానికి ఎంత అందమో! కానీ దానికి డ్రాగ్ ఉండదు, చేప పరిగెడితే అరచెయ్యే బ్రేకు. విసరడం నేర్చుకోడానికే ఒక సీజను పడుతుంది. మంచివి 200 డాలర్లు దాటతాయి. డెబ్బై రెండేళ్ళాయనకి, గడ్డకట్టే చలిలో, బిగుసుకుపోయే వేళ్ళతో? నా లెక్కలో కుదరదు. మామూలు స్పిన్నింగ్ రీలే సరైనది. 2500 లేదా 3000 సైజు, 8 పౌన్ల దారం 100 గజాలకు పైగా పట్టేది.

పెట్టెమీద బేరింగులు తొమ్మిది, పది అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ అంకె నేను చూడను. డబ్బు పెట్టాల్సింది డ్రాగ్ మీద. ముల్లు దగ్గరి దారం 6 పౌన్లది, సన్నం. చేప ఉలిక్కిపడి పరిగెత్తినప్పుడు చక్రం ఒక్క క్షణం పట్టేసి, తర్వాత జర్రున వదిలితే, ఆ క్షణంలోనే దారం తెగుతుంది. చవక రీళ్ళలో గ్రీజు చలికి చిక్కబడి సరిగ్గా ఇదే చేస్తుంది. అందుకని కొట్లోనే డ్రాగ్ కాస్త బిగించి, దారం చేత్తో మెల్లగా లాగి చూడాలి. కుదుపు లేకుండా కదలాలి. పిడి ఆడించి చూస్తే వెనక్కి కదలకూడదు. పిడి ఎడమకి గానీ కుడికి గానీ మార్చుకునేది అయితే ఇంకా మంచిది. నాన్న కుడిచేత్తోనే చుడతానన్నారు.

షిమానో సియెన్నా నలభై డాలర్ల లోపే వస్తుంది, మొదలెట్టడానికి చాలు. నేను ఫ్లూగర్ ప్రెసిడెంట్ తీసుకున్నాను, 70 అయింది. నాన్న అక్కడే నిలబడి రూపాయల్లోకి మార్చారు.

"ఆరు వేలా? ఒరేయ్, చక్రానికా?"

ఆయన అడిగింది అన్యాయమేం కాదు. యానాంలో ఆరువేలంటే ఒక ఇంటి నెల పచారీ. అయినా ఇంతకంటే తగ్గితే ఆ కుదుపు వస్తుంది, ఇంతకంటే పెంచితే నాన్న దాన్ని బీరువాలో పెట్టి ముట్టుకోరు. ఆ మధ్య ధర అదే.

లైసెన్సు మూడు రోజులది తీసుకున్నాం. వాన వెలిసి, నీళ్ళు దిగి, బురదరంగు పోయి పచ్చబడిన రోజు చూసి వెళ్ళాం. గోదావరిలో ఎర్రనీళ్ళ కోసం చూస్తాం, ఇక్కడ అవి పోవడం కోసం చూడాలి. బెండు వంక చూడ్డం నేను నేర్పక్కర్లేకపోయింది. డ్రాగ్ ఒక్కటే నేర్పాను. దారం బలంలో పావు వంతుకి బిగించి, చేప లాగినప్పుడు పిడి తిప్పకండి నాన్నా, చక్రాన్నే వదలనివ్వండి అన్నాను. మూడో రోజు పడింది. చక్రం చప్పుడు చేస్తూ దారం వదులుతుంటే ఆయన ఎడమచేతి చూపుడువేలు తనంతట తానే దారం కోసం వెతికింది. ఒడ్డుకి వచ్చాక కొలవనివ్వలేదు. "మీ అమ్మైతే దీన్నేం చేసేదో తెలుసా," అని మొదలుపెట్టి, కారు దాకా పులుసు గురించే మాట్లాడారు. అమ్మ గురించి ఆయన నోటివెంట అన్ని మాటలు వినడం ఈ దేశం వచ్చాక అదే మొదలు.

తిరిగి వెళ్ళేటప్పుడు రీలు ఆయన సంచిలోనే పోయింది. ఉప్పునీళ్ళు తగిలితే మంచినీళ్ళతో పైపైన కడగాలని, ఇంటికొచ్చాక డ్రాగ్ వదులు చేసి పెట్టాలని కాగితం మీద రాసిచ్చాను. నిన్న ఫోను.

"పిడి కిరకిరమంటోందిరా. కొబ్బరినూనె వెయ్యనా?"

"వద్దు నాన్నా. కుట్టుమిషన్ నూనె, ఒక్క చుక్క."