చల్లారిన కొలిమి దగ్గర

జర్మనీ పశ్చిమ భాగంలో, రూర్ నది రైన్ నదిలో కలిసే చోట డ్యూయిస్‌బర్గ్ అనే నగరం ఉంది. బొగ్గుకూ, ఉక్కుకూ ప్రసిద్ధి చెందిన ఊరు. ఆ నగరంలోని మైడరిక్ ప్రాంతంలో ఆగస్ట్ థైసెన్ అనే పారిశ్రామికవేత్త 1901లో ఇనుము కరిగించే కర్మాగార నిర్మాణం ప్రారంభించాడు. 1903లో తొలి కొలిమి రాజుకుంది; 1985లో చివరి కొలిమి చల్లారింది. ఈ నడుమ అక్కడ కరిగి ప్రవహించిన ఇనుము సుమారు 3 కోట్ల 70 లక్షల టన్నులు. మూతపడిన కర్మాగారాన్ని కూలగొట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు స్థానికులు అడ్డుపడ్డారు. పీటర్ లాట్జ్ అనే ఉద్యానశిల్పి చేసిన రూపకల్పనతో 1994లో అది ఉద్యానవనంగా ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. కొలిములను పడగొట్టలేదు, రంగులు పూసి కొత్తవిగా చూపలేదు. ఉన్నవాటిని ఉన్నచోటనే నిలిపారు. ప్రవేశ రుసుము లేదు.

మా అమ్మాయి ఆ సమీప నగరంలో ఉన్నత విద్య అభ్యసిస్తున్న రోజులలో, 2019 జూలైలో, నేను ఆ చోటుకు మూడుసార్లు వెళ్లాను. మన విశాఖ ఉక్కు కర్మాగారంలోని కొలిములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. అక్కడి కొలిములకు అంకెలే పేర్లు. అయిదవ నంబరు కొలిమి మీదికి మెట్లెక్కి వెళ్లవచ్చు. దాదాపు 70 మీటర్ల ఎత్తు. పై నుంచి చూస్తే పొగగొట్టాలు, గొట్టాల వంతెనలు, వాటి నడుమ చెట్ల తలలు. ఒకప్పుడు వాయువును నిలువచేసిన పెద్ద తొట్టిలో ఇప్పుడు నీళ్లు నింపారు. అందులో ఈతగాళ్లు డైవింగ్ నేర్చుకుంటారు. ఇవన్నీ అందరూ ఫొటోలు తీసుకునేవే. పైగా, ఇటువంటి కొలిములను బెర్న్‌డ్ బెచర్, హిల్లా బెచర్ అనే దంపతులు దశాబ్దాల పాటు నలుపు తెలుపుల్లో, మబ్బు పట్టిన ఆకాశం కింద, ఎదురుగా నిలబడి ఎంతో ఓర్పుతో చిత్రించారు. వారు చూసినదానిని మించి పైకి చూసి నేను సాధించేదేమీ లేదు. కనుక నేను నేలచూపులు చూడడం మొదలుపెట్టాను.

నేల మీద ఏమున్నది? ఇటుకల సందులో సున్నపు గార రాలిన చోట వేలెడంత ఫెర్న్ మొక్క. రివెట్ల వరుస వెంట, వాన నీరు నిలిచే మేరకే పెరిగిన నాచు. తిరగడం మానిన ఒక ఇనుప చక్రపు ఆకుల మధ్య సాలెగూడు. అందులో తెల్లవారి పడిన మంచుబిందువులు ఎనిమిది గంటలకల్లా ఆరిపోయేవి. ముడి ఇనుము కాల్వలు కట్టి పారిన చోటి నుంచి తెచ్చి ఒక చదునైన ఆవరణలో పరిచిన 49 ఇనుప పలకలున్నాయి. వాటి అంచుల వెంట తుప్పు పొరలు పొరలుగా లేస్తున్నది. ఆ పొరల కింద దుమ్ము చేరి, దుమ్ములో గడ్డి మొలిచింది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ గడ్డిపోచ గాలికి కదలడం ఆగేదాకా వేచి ఉండడమే నా పని. వయసు యాభై దాటాక మోకాళ్లు ఇందుకు సులభంగా ఒప్పుకోవు.

ఒక పాత రైలు పట్టాల నడుమ, కంకర రాళ్లలో, జానెడు ఎత్తు బర్చ్ మొక్క కనిపించింది. మన కావ్యాలు చదివినవారికి ఈ జాతి పరాయిది కాదు. హిమాలయాలలో పెరిగే భూర్జ వృక్షం దీని జ్ఞాతి. కాళిదాసు నాటకంలో ఊర్వశి తన ప్రేమలేఖను రాసింది భూర్జపత్రం మీదనే. నేను చూసిన మొక్క కాండానికి ఇంకా ఆ తెల్లని బెరడు రాలేదు. దాని నీడ మాత్రం తుప్పు పట్టిన పట్టా మీద స్పష్టంగా పడింది. ఆ నీడనే చిత్రించాను.

ఆ చిత్రాన్ని చూసి మా అమ్మాయి, “అమ్మా, దీనికి ‘యంత్రం మీద ప్రకృతి విజయం’ అని పేరు పెట్టు” అన్నది. అందమైన ఉత్ప్రేక్షే. కాని నాకు నచ్చలేదు. వస్తువును ఉన్నదున్నట్లు చూసి చెప్పే స్వభావోక్తికి దండి అలంకారాలలో మొదటి స్థానం ఇచ్చాడు. తరగతి గదిలో మేము దానిని రెండు వాక్యాలలో ముగించి, శ్లేష దగ్గరికి పరుగు తీస్తాం. నిజానికి కష్టమైనది అదే. విజయం అని ఒకసారి అనేశాక ఇక చూడవలసినదేమీ మిగలదు.

ఉన్నదేమిటో చూస్తే సంగతి వేరుగా ఉంది. దాదాపు 180 హెక్టార్ల ఆ ప్రాంగణంలో 700లకు పైగా వృక్షజాతులను గుర్తించారు. వాటిలో అనేకం అక్కడ పుట్టినవి కావు. సీతాకోకచిలుకలు మూగే ఊదారంగు బడ్లియా పొద చైనా నుంచి తోటల అలంకారానికి వచ్చి, పాడుబడిన స్థలాలకు పాకింది. కంకరలో పసుపుపచ్చగా పూసే సెనీసియో దక్షిణాఫ్రికాది. ఉన్ని మూటలతో ఐరోపా చేరి రైలు మార్గాల వెంట వ్యాపించింది. సారవంతమైన నేలలో ఇవి బలమైన గడ్డితో, పెద్ద చెట్లతో పోటీపడి నిలవలేవు. ఇక్కడ నేల అంతా కంకర, బొగ్గుపొడి, కొలిమి నుంచి తీసి పోసిన చిట్టెం. ఎండకు వేడెక్కేది, నీరు నిలవనిది. ఇతరులు విడిచిపెట్టిన ఆ నేలే వీటికి ఆశ్రయం. కర్మాగారం లేకపోతే ఈ మొక్కలూ ఇక్కడ ఉండేవి కావు. మరి ఎవరి మీద ఎవరి విజయం?

అంతేకాదు. మూడవనాటి ఉదయం ఇద్దరు పనివారు నిచ్చెన వేసుకుని, ఒక ఇటుక గోడలో మొలిచిన బర్చ్ మొక్కలను వేళ్లతో సహా పీకివేస్తున్నారు. వేరు లావెక్కితే గోడ చీలుతుంది. అదే మొక్క నేల మీద ఉంటే దాని జోలికి పోరు. విషపదార్థాలు కలిసిన మట్టిని కొంత పాత ఖనిజపు గదులలో పోసి, పైన మూసివేశారు. ఒకప్పుడు మురుగు మోసిన ఎమ్షర్ కాలువలో ఇప్పుడు వాననీరు పారుతున్నది. మురుగు దాని అడుగున గొట్టంలో పోతున్నది. చూపరులకు తనంతట తానే పెరిగినట్లు కనిపించే ఆ పచ్చదనం వెనుక ఇంత నిత్యశ్రమ ఉన్నది.

ఆనాడే ఒక వృద్ధుడు మాకు తటస్థపడ్డారు. ఈ కర్మాగారంలోనే పనిచేశారట. ఉదయపు నడకకు అక్కడికే వస్తారట. నేను నేల మీద కూర్చుని ఉండడం చూసి ఏదైనా పోగొట్టుకున్నానేమోనని ఆగారు. మా అమ్మాయి సంగతి చెప్పి కెమెరాలోని చిత్రాలు చూపించింది. ఆయన ఒక్కొక్కటీ నిదానంగా చూశారు. తరువాత చెప్పిన మాటలను మా అమ్మాయి తెలుగులో చెప్పింది: “కొలిమి మండినన్నాళ్లూ ఈ చోట పచ్చని ఆకు చూడలేదు. మూసివేసిన తరువాతి ఏడు వేసవిలో కంచె అవతలి నుంచి చూస్తే పట్టాల మధ్య గడ్డి కనిపించింది. మాకు సంతోషం కలగలేదు. ఇక మమ్మల్ని ఎవరూ పనికి పిలవరని ఆ రోజే అర్థమైంది.”

మా అమ్మాయికి ఏమనాలో తోచలేదు. నాకూ తోచలేదు. ఇప్పుడు ఈ మొక్కలను చూస్తే ఏమనిపిస్తుందని అడగమన్నాను. ఆయన సూటిగా సమాధానం చెప్పలేదు. మమ్మల్ని వెంట రమ్మని సైగ చేసి, అయిదవ కొలిమి వెనుక గోడ వారకు తీసుకుపోయి, నేను చూడని ఒక పసుపు పూల గుబురును చూపించారు. సూర్యుడు నేరుగా పడుతుండడంతో పూరేకుల రంగు తేలిపోతున్నది. ఆయన తన టోపీ తీసి, పూల మీద నీడ పడేటట్లు పట్టుకుని నిలబడ్డారు. గాలి ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆయన చెయ్యి దించలేదు.