లండనులో నొక వరుసయిల్లు

మన యూళ్లలో టెర్రేసు అనగా మేడమీది డాబా. వడియములు పెట్టుకొనుటకును, వేసవిరాత్రులు పక్కలు వేసికొనుటకును పనికివచ్చు చోటు. లండను నగరములో ఆ మాటకు అర్థము వేరు. వీథి పొడవునను ఒకదాని నొకటి అంటుకొని, నడుమ ఉమ్మడిగోడలతో, ముఖములన్నియు నొక్కతీరుగ నుండునట్లు కట్టిన యిండ్ల వరుసకు అచ్చట టెర్రేసని పేరు. మన అగ్రహారములందును ఇండ్లు వరుసగనే యుండును గాని, ఒకరి అరుగు ఎత్తు, పొరుగువారిది పల్లము. ఒకరి స్తంభములకు రంగుండును, వేరొకరివానికి సున్నమైన నుండదు. అక్కడ నట్లు కాదు. ఇరువది యిండ్లు కలిసి యొక్క రాజభవనమువలె కనబడవలెనని కట్టినవారి కోరిక.

మా అమ్మాయియు అల్లుడుగారును ఆ నగరములో ఉద్యోగములు చేయుచు పదునొకండేండ్లుగా అద్దెయిండ్లలో కాపురము చేయుచున్నారు. నిరుడు నేను వారియొద్ద ఆరుమాసము లున్నప్పుడు, ఇస్లింగ్టను పేటలో ఇట్టి యిల్లొకటి అమ్మకమునకు వచ్చెను. బయానాకు వలసిన సొమ్ము పూర్తిగ వారియొద్ద లేదు. కొరవకుగాను, నా వివాహమునాడు మా నాయనగారు పసుపుకుంకుమలక్రింద నిచ్చిన కోనసీమలోని రెండెకరముల కొబ్బరితోట నమ్మి యియ్యగలవా యని అమ్మాయి నన్నడిగెను. ఆ మాట అడుగుటకు దానికి మూడుదినములు పట్టెనని తరువాత అల్లుడుగారు చెప్పిరి. “ఇల్లు చూచినపిమ్మట చెప్పెదను” అంటిని. కావున ఆ యింటిని నేను చుట్టపుచూపుగ చూడలేదు.

వీథిలో నిలువబడి చూచినంతనే మనసు హరించినమాట నిజము. 1840 ప్రాంతమున కట్టిన యిల్లు. పసుపుఛాయ గల యిటుకలు, నల్లని తలుపు, తలుపుపై అర్ధచంద్రాకారపు గాజు, ముందు ఇనుపకటకటాలు. పై యంతస్తులకు పోవుకొలది కిటికీలు పొట్టివగుచుండును. మొదటి మేడలోనివి మిక్కిలి యెత్తు. ఏలననగా అతిథులను కూర్చుండబెట్టు సావడి యచ్చటనే. కిటికీల చట్రములు గోడముఖమునకు లోపలగ నుండుట చూడ సొగసుగ నున్నది గాని, దాని పుట్టుక సొగసుకొరకు గాదు. 1666 లో లండను నగరము తగులబడినపిమ్మట, ఇండ్లను ఇటుకతో గాని రాతితో గాని కట్టవలెనని 1667 లో శాసనము చేసిరి. కొయ్యచట్రములకు నిప్పంటకుండ వానిని గోడలోనికి నాలుగంగుళములు జరుపవలెనని 1709 లో వేరొక శాసనము. ఉమ్మడిగోడలు కప్పులను మించి పైకి లేచియుండుటయు అగ్గిభయముచేతనే. మాఘఫాల్గుణములలో పూరిండ్లవరుసలు కాలుట యెరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

లోపల పని చేయించినవారు రసికులే. నేలచెక్కలమీది పాతరంగు గీచివేసి మైనము పట్టించిరి. కప్పునడుమ గచ్చుతో పోసిన పద్మము, దానిలోని యాకులీనెలు కనబడునంతగ, పొరలుపొరలుగ పేరుకొన్న సున్నము తీయించిరి. వెలుపలి యిటుకల సందులు సిమెంటుతో గాక సున్నముతోనే పూయించుట నాకెంతయు నచ్చినది. పాతయిటుక తడి పీల్చును, సున్నము ఆ తడిని వెలుపలికి విడుచును. సిమెంటు దానిని లోపల బంధించును, చలికాలమున ఇటుక పెచ్చులుగ రాలును. మన గానుగసున్నపు మేడలకు సిమెంటు పూసి పాడుచేసికొనువారు ఈ సంగతి గమనింపవలెను.

అంతట నేలమాళిగకు దిగితిమి. ఇంటికంతటికిని ఖరీదైన గది యదియే యట. పెరటివైపు గోడకు మారుగ గాజుతలుపులు, పండ్రెండుగురు కూర్చుండదగిన బల్ల, చలువరాతి వంటతిన్నె. ఇల్లు చూపవచ్చిన దళారి, పడుచువాడు, ఇదియే యింటికి ప్రాణమనెను.

సోదరీమణులారా, ఆ యిల్లు కట్టిన దినములలో ఆ గదిలోనికి అతిథి యడుగుపెట్టియుండడు. అది పనిపిల్ల చోటు. పట్టపగలును వెలుతురు తక్కువ. వీథిబాటక్రింద బొగ్గుకొట్టు, బొగ్గు పోయుటకు బాటలో నమర్చిన గుండ్రని యినుపమూత నేటికిని నున్నది. తెల్లవారకముందే లేచి, గదిగదిలోని చలిపొయ్యికిని బొగ్గు మోసి, బూడిద దింపి, వేడినీళ్లు పైకెక్కించి, రాత్రి అటకమీద పండుకొనవలెను. మాళిగనుండి అటకవరకు మెట్లు లెక్కించితిని: అరువదియెనిమిది. కట్టించినవారు ఆ మెట్లకును రెండు తరగతులు చేసిరి. సావడివరకు వెడల్పు, చెక్కడపుపని. ఆపైన ఇరుకు, మొరటుకొయ్య. సావడిలోని యజమానురాలు మాత్ర మేమి స్వతంత్రురాలు? వివాహిత తన పేర ఆస్తిని స్వేచ్ఛగ నుంచుకొను హక్కును ఇంగ్లండు శాసనము 1882 లో గాని పూర్తిగ నీయలేదు.

తరువాత ధనికులు దూరపుపేటలకు తరలిపోయిరి. ఇట్టి యిండ్లు గదులుగ విడిపోయి, గదికొక సంసారము చొప్పున బీదలు చేరిరి. మరల చదువుకొన్న ఉద్యోగులు వచ్చి ఇండ్లు కొని బాగుచేయసాగినప్పుడు, ఆ బీదలు చోటు లేక పోయిరి. ఈ మార్పును గుర్తించి 1964 లో దానికి ‘జెంట్రిఫికేషను’ అను పేరు పెట్టినది రూత్ గ్లాస్ అను సమాజశాస్త్రవేత్త, ఆమెయు స్త్రీయే. మా అమ్మాయి ఆ వరుసలో ఎవరి ప్రక్కన చేరుచున్నదో నాకు తెలియును. దానిని తప్పుపట్టను, పదునొకండేండ్లు అద్దెయిచ్చినది.

నాకు మాత్రము ఆ పిల్ల వండిన పొయ్యి చూడవలెనని తోచినది. “పాత వంటపొయ్యి యెక్కడ నుండెడిది?” అని యడిగితిని. దళారి యొక అలమారను చూపి, ఈ గోడ కుండెడిది, చోటు కలిసివచ్చుటకు తీసివేసిరి అనెను. ఆ గోడ ఉమ్మడిగోడ. అరచేయివలె చదునుగ నున్నది. సరిగ దానిపై గదిలో నల్లచలువరాతి పొయ్యిగూడు, గోడనుండి మూరెడు ముందుకు వచ్చియుండుట అంతకుముందే చూచితిమి. దానిపైన మరియొకటి, ఆపైన పొగగొట్టము.

“అల్లుడుగారూ, అంత యిటుకకట్టును క్రింద మోయుచున్న దేది?” అంటిని.

“లోపల ఇనుపదూలము వేసియుందురు, అత్తయ్యగారూ” అని దళారివైపు చూచిరి. అతడు “వేసియుండవచ్చును” అనెను. ఆ ‘వచ్చును’ నాకు నచ్చలేదు.

అది చారిత్రకకట్టడముల పట్టికలోని యిల్లు. ఇట్టి పట్టికలకు 1947 నాటి శాసనము మూలము. అట్టి యింట లోపలి మార్పునైనను అనుమతి లేక చేయుట అక్కడ నేరము. అంతకన్న చిక్కేమనగా, పాతయజమాని చేసినదానిని సరిచేయుమని కొత్తయజమానికి ఉత్తరువు రావచ్చును. ఉమ్మడిగోడనుండి పొగగూడు తీయవలెనన్న పొరుగువారికి ముందుగ నోటీసు ఇయ్యవలెనని 1996 నాటి చట్టము. సర్వేయరును పంపితిమి. దూలము కనబడలేదు. అనుమతిపత్రమును అమ్మువారు చూపలేకపోయిరి. దానికి బదులు ధర కొంత తగ్గించెదమనిరి.

అల్లుడుగారు తగ్గింపునకు మొగ్గిరి. అమ్మాయి ఆ బల్లకు ఏ కుర్చీలు వేయవలెనో అప్పటికే యెంచుకొనియున్నది. ఆ రాత్రి నా గదిలోనికి వచ్చి, “అమ్మా, తోట యియ్యనని చెప్పుట కిది సాకా?” అనెను. గొంతు వణకినది.

“తోట నీదే. కావలసిన రేపే నీ పేర వ్రాసియిత్తును. దూలము వేయించి, అనుమతి తెచ్చి, ఆపైన యిమ్మని వారినడుగుము. ఒప్పందపుకాగితములు మార్చుకొనువరకు ఈ దేశములో ఎవరైనను విరమించుకొనవచ్చునని నీవేగదా చెప్పితివి” అంటిని. అది సమాధాన మీయక వెడలిపోయినది.

మరునాడు తానే వ్రాసెను. అమ్మువారు అంగీకరింపలేదు. నెల తిరుగకమునుపే ఆ యిల్లు వేరొకరికి అమ్ముడుపోయినది. నేను తిరిగి వచ్చువరకు అమ్మాయి నాతో ఇండ్లమాట యెత్తలేదు. వంటిల్లు సర్దుకొనుట, పిల్లవాని బడి, అంతే.

ఇప్పుడు నగరపు టంచున ఒక చిన్నయిల్లు చూచుచున్నారు. అదియు వరుసయిల్లే, రెండే అంతస్తులు, గోడకాగితము లూడి వ్రేలాడుచున్నవి, ఎవరును బాగుచేయలేదు. నిన్న అమ్మాయి పంపిన ఛాయాచిత్రములలో వీథిముఖము లేదు, పెరడు లేదు. పైగదిలోని పొయ్యిగూడొకటి, సరిగ దానిక్రింద నున్నది మరియొకటి. తోటకు బేరగానిని వచ్చే దింపు అయినపిమ్మట రమ్మనుమని మా తమ్మునికి వ్రాసితిని.