బండ కింద చక్రం

ఇరవై ఏళ్లుగా కాలేజీలో బాలవ్యాకరణం పాఠం చెబుతున్నవాణ్ణి. ఏ సంధి ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలను. కాని ఇంట్లో నీళ్లపైపు సంధి ఊడితే ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. ఆ రహస్యం మొన్న వేసవిలో ఒక రాత్రి, మా అమ్మ ఎదుటా మా ఆవిడ ఎదుటా ఒక్కసారే బయటపడింది.

నా ఉద్యోగం, కాపురం ఆత్మకూరులో. అమ్మ ఉదయగిరిలో, నాయన కట్టించిన ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. రెండు ఊళ్లూ నెల్లూరు జిల్లా పడమటి భాగానివే అయినా నీళ్ల విషయంలో వాటి జాతకాలు వేరు. ఆత్మకూరుకు దగ్గరలో పెన్నమీద సోమశిల జలాశయం ఉంది. నిండితే 78 టి.ఎం.సి.ల నీరు. ఉదయగిరి మెట్టప్రాంతం. ఎండలు ముదిరితే బోర్లు దగ్గుతాయి. ఆ చుట్టుపక్కల చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడు. కాస్తే పోతుందా అంటే పోదు సరికదా, నీళ్లు ఇగిరినకొద్దీ మరింత చిక్కబడుతుంది. అందుకే వేసవిలో మా వీధికి ట్యాంకరు వచ్చిన రోజే పండుగ రోజు.

నాయన తద్దినానికి ముందురోజు మేము ఉదయగిరి చేరాము. చుట్టాలు ఇరవైమంది దాకా వస్తారు. ట్యాంకరు నీళ్లు కొన్నాను. ట్యాంకరువాడు తన మోటారుతోనే మిద్దెమీది రెండువేల లీటర్ల ట్యాంకు నింపి పోయాడు. వంటకైనా, స్నానాలకైనా, మడికైనా మర్నాడు సాయంత్రం దాకా ఆ నీళ్లే గతి.

నా మనసులో ఇంకొక పని కూడా ఉంది. తద్దినం కాగానే ఇంటికి తాళం వేసి అమ్మను ఆత్మకూరు తీసుకుపోవాలి. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి. రాత్రిపూట ఏదైనా జరిగితే ఎవరున్నారు? ఈ మాట మెల్లగా కదిపాను. అమ్మ "చూద్దాంలేరా" అని ఊరుకున్నది. ఆ "చూద్దాం"లో సమ్మతి ఉందో నిరాకరణ ఉందో ఏ వ్యాకరణానికీ అందదు.

రాత్రి పది గంటలకు స్నానాలగదిలో 'ఠప్'మని చప్పుడైంది. పోయి చూస్తే గోడలోనుంచి బయటికి వచ్చే పైపు వంపు దగ్గర పగిలి, నీళ్లు ఎదుటిగోడకు కొడుతున్నాయి. వేలు అడ్డం పెట్టాను. వేలి పక్కనుంచి నా ముఖాన కొట్టింది. గోనెగుడ్డ చుట్టాను. సైకిలు ట్యూబు ముక్క బిగించాను. నీళ్లు గడప దాటి వసారాలోకి వచ్చాయి. మా ఆవిడ బిందెలు, బక్కెట్లు, చివరకు పప్పుగిన్నెలు కూడా తెచ్చి పట్టింది. నేను మిద్దె ఎక్కాను. ట్యాంకు దగ్గర వాల్వు ఉన్నమాట నిజమే. ఎన్నేళ్ల ఎండకూ వానకూ తుప్పుపట్టిందో గాని, గట్టిగా తిప్పబోతే దాని పిడి ఊడి నా చేతికి వచ్చింది.

ఇక ఫోన్లు మొదలుపెట్టాను. ఉదయగిరిలో నాకు తెలిసిన ప్లంబర్లు ఇద్దరు. ఒకరు బెంగుళూరులో అపార్టుమెంటు పనికి పోయి ఆరునెలలైందట. రెండో ఆయన ఫోను మోగి మోగి ఊరుకున్నది. చివరకు ఆత్మకూరులో మా ఇంటి కొళాయి బాగుచేసిన ఒడియా కుర్రవాడు గుర్తుకు వచ్చాడు.

ఒడియా కుర్రవాడు ఆత్మకూరుకు ఎట్లా వచ్చాడని మీరు అడగవచ్చు. ఒడిశాలో కేంద్రపడా అని ఒక జిల్లా ఉంది. మహానది డెల్టా, వరదలకు పేరుపడ్డ చోటు. దేశంలో ఏ నగరంలో మేడ లేచినా, పైపులు బిగించేవారిలో ఆ జిల్లావారు కనబడతారు. అక్కడి పట్టాముండైలో ఈ పని నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. ప్రతాపరుద్ర గజపతి చేతిలోని మా ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో పట్టుకొన్నాడని పిల్లలకు చెబుతుంటాను. రాయలు అంత శ్రమపడి గజపతి సేనలను పంపించినా, అయిదువందల ఏళ్ల తరువాత మా ఇంటి పైపు పగిలితే మళ్లీ ఆ దేశంవారినే పిలవవలసి వచ్చింది!

"రాత్రి బస్సు లేదు సార్. పొద్దున మొదటి బస్సుకి వస్తాను. ముందు వాల్వు మూయండి," అన్నాడు తనకు వచ్చిన తెలుగులో.

"పైది విరిగిపోయిందయ్యా."

"కింద ఇంకొకటి ఉంటుంది సార్. ఎక్కడో ఇంట్లో ఎవరికి తెలుసు?"

"మా నాయనకు తెలుసు. ఆయన పోయి మూడేళ్లయింది."

అవతల ఒక్క క్షణం మాట లేదు. "ఇంకా పెద్దవాళ్లు ఎవరున్నారు సార్? వాళ్లని అడగండి."

అమ్మ అంతసేపూ వసారాలో మంచం మీద కాళ్లు ముడుచుకొని కూర్చుని ఉన్నది. మధ్యలో రెండుసార్లు లేవబోయి ఏదో చెప్పబోయింది. రెండుసార్లూ నేను, "నువ్వుండమ్మా, జారి పడతావు!" అని కసిరాను.

"అమ్మా, కింద ఇంకొక వాల్వు గాని..."

"ఇందాకటినుంచి చెప్తానే ఉండాను గదరా, వింటే గదా! పెరట్లో గుడ్డలుతికే బండ పక్కన చిన్న బండ ఉండాది. దాన్ని లేపు."

లేపాను. కింద ఇటుకలు కట్టిన గుంట, దానిలో ఇత్తడి వాల్వు, దానికి ఎర్రటి చక్రం. నేను చెయ్యి పెట్టబోయేసరికి, "నువ్వు జరుగు" అని అమ్మ వంగి, కుడివైపుకు తిప్పింది. మొరాయిస్తుందనుకొన్న చక్రం కవ్వంలాగా తిరిగింది. స్నానాలగదిలో హోరు సన్నగిల్లి, చుక్కలై, ఆగింది.

"ఇంత సులువుగా ఎట్లా తిరిగిందమ్మా?"

"నెలకొకసారి మూసి తెరవకపోతే బిగుసుకుపోద్దని మీ నాయన చెప్పి పోయినాడు. నెల మొదటి రోజున తిప్పతానే ఉండా."

మూడేళ్లుగా, ప్రతి నెలా! నేనూ ప్రతి ఆదివారం ఫోను చేస్తూనే ఉన్నాను. మాత్రలు వేసుకున్నావా, అన్నం తిన్నావా అని తప్ప, ఇల్లు ఎట్లా నడుపుతున్నావని ఒక్కనాడూ అడగలేదు.

ట్యాంకులో సగం నీళ్లు మిగిలాయి. పొదుపుగా వాడుకొంటే తద్దినానికి చాలు.

అన్నట్టుగానే కుర్రవాడు పొద్దున దిగాడు. పగిలిన వంపు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఇనుము మర దగ్గర తుప్పుతిని అట్టలాగా అయింది. లోపల కఠినజలం కట్టిన సున్నం పేరి, చిటికెనవేలు దూరే సందు లేదు.

"ఇది నిన్న పాడైంది కాదు సార్. గోడమీద చెమ్మ మచ్చ చూడలేదా?" అన్నాడు.

గోడకు సున్నం పొక్కుతున్నదని అమ్మ సంక్రాంతికే చెప్పింది. వెల్ల వేయిద్దాంలే అన్నాను నేను.

పాడైన ముక్క కోసి కొత్తది బిగిస్తూ అతడు చెప్పిన పాఠం ఇంతే. పైపు పగిలితే ముందు వాల్వు మూయాలి. మోటారు, గీజరు ఆపాలి. కాలికింద నీళ్లుంటే తడిచేత్తో స్విచ్చి ముట్టుకోకూడదు. పొడిగా ఉన్న చోటినుంచి మెయిన్ ఆపాలి. ఆ తరువాతే ప్లంబరుకు ఫోను. ఇవన్నీ అయినాక ప్లంబరు ఒక పూట ఆలస్యమైనా ఇల్లు మునగదు. గంటలు గంటలు క్లాసులు తీసుకొనే నేను, ఇంత తక్కువ మాటల్లో ఇంత పనికివచ్చే సంగతి ఏనాడూ చెప్పి ఎరుగను. అతడు అడిగిన కూలీ బేరమాడకుండా ఇచ్చాను. అమ్మ అతణ్ణి కూర్చోబెట్టి, టిఫిను పెట్టి, "మీ అమ్మ ఎవరికాడ ఉండాది నాయనా?" అని అడిగింది. "ఊళ్లో ఒక్కతే ఉంది అమ్మా," అన్నాడతడు. నేను తల వంచుకొన్నాను.

సాయంత్రం చుట్టాలు వెళ్లాక, సర్దిపెట్టిన అమ్మ సంచి వంక చూశాను. అమ్మ కూడా చూసింది.

"తాళం వేస్తే ఆ చక్రం ఎవరు తిప్పుతారురా?" అన్నది.

నా దగ్గర జవాబు లేకపోయింది. భయం పోయిందని చెప్పను. డెబ్బయ్యెనిమిది డెబ్బయ్యెనిమిదే. పక్కింటివారికి ఒక తాళంచెవి ఇచ్చాము. నెలకు రెండుసార్లు వస్తానని ఒప్పుకొన్నాను. కాని ఆ ఇంట్లో ఏమీ తెలియని మనిషి అమ్మ కాదు, నేను. అందుకని బయలుదేరేముందు అమ్మ చెబుతుంటే బీరువా తలుపు లోపలివైపు ట్యాంకు, పైపులు, వాల్వులు అన్నీ బొమ్మ గీశాను. సంచి మళ్లీ అటకెక్కింది.

బస్సులో మా ఆవిడ అడిగింది: "మన ఇంట్లో వాల్వు ఎక్కడండీ?"

చేరగానే వెతికాము. మెట్లకింద, పాత పరీక్షపేపర్ల కట్టల వెనక దొరికింది. ఇద్దరం పట్టినా తిరగలేదు. ఆ ఒడియా కుర్రవాడే వచ్చి కొత్తది వేశాడు.

ఇప్పుడు ఆదివారం ఫోనుకు తోడు, నెల మొదటి రోజున అమ్మ ఫోను వస్తుంది.

"తిప్పినావా?"

"తిప్పానమ్మా."

నిజం చెప్పాలంటే ఈ నెల తిప్పకుండానే ఆ మాట అన్నాను. ఫోను పెట్టేసి, లేచి, మెట్లకిందికి వెళ్లి తిప్పి వచ్చాను.