చుట్టీ రెండు నెలలు, గుడ్డుకు ఒక్క రోజు

నిజామాబాద్‌లో గైనకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లకు గల్ఫ్ సెలవుల లెక్కలు వాటంతట అవే తెలిసిపోతాయి. ఆర్మూరు, భీమ్‌గల్ నుంచైనా, ఇటు బోధన్, ఎడపల్లి నుంచైనా వచ్చిన జంట కుర్చీలో కూర్చోకముందే చెప్పేస్తుంది: "మేడమ్, ఈయన చుట్టీ మీద వచ్చిండు. రెండు నెల్లే ఉంటడు. గుడ్డు పెరిగే గోలీలు రాయుండ్రి."

పెళ్లై ఎన్నేళ్లయిందని అడిగితే ఐదేళ్లంటారు. కలిసి ఉన్న నెలలెన్నో లెక్కపెట్టమంటే వేళ్లు మడిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చాలాసార్లు ఏడాది కూడా తేలదు. ఏడాదిపాటు ఒకచోట కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యశాస్త్రం దాన్ని సంతానలేమి అంటుంది. నెలనెలా సక్రమంగా బయట చేరే అమ్మాయికి, మొగుడు మస్కట్‌లో ఉన్నందుకు నేను మాత్ర రాయడమేమిటి? ఈ మాట చెబితే అత్తమ్మలకు నచ్చదు. "పైసలు పెట్టుకుంటమంటే మందు రాయదేంది ఈ డాక్టరమ్మ" అని వరండాలో అనుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. బోధన్ వైపు కొన్ని ఇళ్లలో మామ ఒకప్పుడు శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఉద్యోగి, కొడుకు ఇప్పుడు దోహాలో. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ మామకు రోజూ డ్యూటీ దిగి ఇంటికొచ్చే కాపురమే తెలుసు, చుట్టీ లెక్క ఎక్కదు.

మాత్ర నిజంగా కావాల్సింది అండం సరిగా విడుదల కానివాళ్లకు. రెండు మూడు నెలలకోసారి నెలసరి వచ్చేవాళ్లు, పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉంటారు. ఆ బుడగలు కరిగే మందు ఇమ్మంటారు. స్కాన్‌లో కనిపించే ఆ బుడగలు ఎదగకుండా సగంలో ఆగిపోయిన ఫాలికిళ్లు, అంటే అండం పెరిగే సంచులు. కరిగించాల్సిందేమీ లేదు, వాటిలో ఒక్కదాన్ని ఎదిగేలా చేయాలి. పొద్దుటి నుంచి చాట ముందేసుకుని బీడీలు చుట్టే అమ్మాయిల్లో కొందరికి, బరువు నూటికి ఐదో పదో పాళ్లు తగ్గితే చాలు, మందు లేకుండానే నెలసరి దారిలో పడటం చూశాను. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు ముందే చేయిస్తాను. ఫోలిక్ యాసిడ్ ఆ రోజే మొదలుపెట్టిస్తాను.

మాత్రల్లో పాతది క్లోమిఫిన్. ఇప్పుడు పీసీఓడీకి నేను ముందు రాసేది లెట్రోజోల్. రెండూ ఒంట్లో ఈస్ట్రోజెన్ తక్కువైందని మెదడు అనుకునేలా చేస్తాయి. అప్పుడు మెదడు అండాశయాన్ని తరిమే హార్మోన్‌ను ఎక్కువ వదులుతుంది. లెట్రోజోల్ పేరు చెప్పగానే మెడికల్ షాపు కుర్రాడో, ఫోనో "ఇది క్యాన్సర్ గోలీ" అని భయపెడుతుంది. అబద్ధం కాదు, రొమ్ము క్యాన్సర్ కోసమే వచ్చిన మందు. 2011లో మన కేంద్ర ప్రభుత్వం సంతానలేమికి దీన్ని వాడొద్దని నిషేధించింది కూడా. అమెరికాలో 750 మంది పీసీఓడీ స్త్రీల మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో క్లోమిఫిన్ కన్నా ఇదే మెరుగని తేలింది. మన దగ్గర 2017లో నిషేధం ఎత్తేశారు. ఆ పరిశోధనలో కూడా ఐదు నెలల దాకా వాడాక బిడ్డను ఎత్తుకున్నది వందలో 27 మంది. క్లోమిఫిన్‌తో 19. మొదటి నెలలోనే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఈ అంకెలు కాగితం మీద రాసి చూపిస్తాను.

నెలసరిలో ఎర్ర మరక కనిపించిన రోజు కాదు, ధారగా మొదలైన రోజు ఒకటో రోజు. రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి ఐదు రోజులు మాత్ర. ఒళ్లు ఆవిర్లు, తలనొప్పి, ఊరికే ఏడుపు రావడం, కడుపుబ్బరం మామూలే. క్లోమిఫిన్‌తో కళ్లు మసకబారినా, మెరుపులు కనిపించినా వెంటనే ఆపేయాలి, నాకు చెప్పాలి. కవలలు క్లోమిఫిన్ గర్భాల్లో నూటికి ఏడెనిమిది, లెట్రోజోల్‌తో తక్కువ. మగపిల్లాడు పుట్టే మాత్ర లేదు. ఇది అడక్కపోయినా చెబుతాను.

తొమ్మిదో పదో రోజు నుంచి లోపలి స్కాన్. అసలు తిప్పలు ఇక్కడే. నాట్ల సమయమైతే కూలి వదులుకుని రెండు రోజులకోసారి బోధన్ నుంచి బస్సెక్కడం తేలిక కాదు. ఫాలికిల్ రోజుకు సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. బల్ల మీద పడుకున్న అమ్మాయి మానిటర్ వైపే చూస్తూ "ఎంతైంది మేడమ్?" అంటుంది. పదిహేను. ఎల్లుండి మళ్లీ రా. పద్దెనిమిది, ఇరవై దాటితే హెచ్‌సీజీ ఇంజెక్షన్. ముప్పై ఆరు గంటలకు అటూ ఇటూగా అండం విడుదలవుతుంది, ఒక రోజు మించి బతకదు. "ఈ రాత్రి, రేపు, ఎల్లుండి" అని చెప్పడానికి ముందు అత్తమ్మను బిల్లు కట్టి రమ్మని బయటికి పంపుతాను. తారీఖు చూసి కాపురం చేయమంటే మగవాళ్లు బిగుసుకుపోతారు. ఆ సంగతి ఎవరూ బయటికి చెప్పరు.

ఇంజెక్షన్ తర్వాత వారానికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్ పెట్టుకుని రెండు గీతలని సంబరపడతారు. అందులో కనిపించేది ఇంజెక్షన్ మందే. రెండు వారాలు నిండేదాకా పరీక్ష చేసుకోవద్దు. కడుపు బాగా బిగిసి, వాంతులై, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా రావాలి. మాత్రలతో ఇలా కావడం అరుదు, కానీ ప్రమాదం.

ఇక భర్త పరీక్ష. "ఆయన మంచిగనే ఉన్నడు మేడమ్" అనే మాట రిపోర్టు కాదు. శుక్రకణం తయారవడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. ఎండలో, బట్టీల దగ్గర పనిచేసి వచ్చినవాడికి లోపం ఇక్కడికొచ్చాక తెలిస్తే, మందు పనిచేసేలోపు తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. అందుకే భార్యను ముందుగా పిలుస్తాను. ఆయన రాకముందే ఒక నెల మాత్ర ఇచ్చి, ఎంత మోతాదుకు అండం వస్తుందో చూసిపెట్టుకుంటాను. ఆయన్ను అక్కడి ల్యాబ్‌లోనే వీర్యపరీక్ష చేయించుకుని రిపోర్టు వాట్సాప్ చేయమంటాను. పంపేవాళ్లు తక్కువే. పంపినవాళ్ల చుట్టీలో రెండు నెలసరులూ మొదటి రోజు నుంచే వాడుకుంటాం.

అండం విడుదలవుతున్నా ఆరు నెలల్లో గర్భం నిలవకపోతే ఆ మాత్రలు కొనసాగించను. ట్యూబుల పరీక్ష రాసిస్తాను.